మా శీను అడిగిన చలికాలం పడవ

నిన్న మధ్యాహ్నం గ్లాస్గో నుంచి ఫోన్ వచ్చింది.

మా శీను ఇక లేడు.

పడవ కంపెనీవాళ్ళతో మీటింగ్‌లో నిలబడి మాట్లాడుతూనే కుప్పకూలిపోయాడట. గుండె. హాస్పిటల్‌కి చేరేలోపే అయిపోయింది.

కొడుకు పోయిన కబురు తండ్రి వినడమేమిటండీ?

రాస్తున్నది నేను, శీను తండ్రిని. పెద్దగా చదువుకోలేదు. రెండు వేళ్ళతో టైప్ కొడుతున్నాను, తప్పులుంటే సర్దుకోండి. ఎవరూ నన్ను "పాపం" మాత్రం అనొద్దు. అలాంటి కొడుకును కన్నవాడు పాపమా?

మావాడు లండన్ పక్కన హారోలో టేక్‌అవే హోటల్ నడిపేవాడు. పీతలు బేరం చేద్దామని ఈ స్కాట్లాండ్ దీవికి వచ్చి, ఇక్కడే బిజినెస్ పెట్టేశాడు. భార్యనూ నన్నూ తెచ్చుకున్నాడు. వ్యాపారం నిలదొక్కుకున్నాక దీవి కౌన్సిల్‌కి పోటీ చేస్తానన్నాడు.

నేను పొంగిపోయాను! రాహుకాలం దాటాక కొత్త సూట్ తొడిగించి, బొట్టు పెట్టి, నేనూ సూట్ వేసుకుని ఓట్లు అడగడానికి వెంట బయలుదేరాను. మంచి పనికి వెళ్తూ దొడ్డిదారి ఏమిటని, వీధి తలుపే కొట్టమన్నాను.

మొదటి ఇంట్లో మెయిరి అనే పెద్దావిడ తలుపు తీసి, మా సూట్లు చూసి, గోడ పట్టుకుంది.

"ఈజ్ ఇట్ మై జాన్?" అని ఒకటే ఏడుపు.

తర్వాత తెలిసింది. ఇక్కడ అందరూ వంటింటి తలుపులోంచే వస్తారు. సూట్ వేసుకుని వీధి తలుపు తట్టేది, సముద్రంలో మీవాడు పోయాడని చెప్పడానికి వచ్చేవాళ్ళే!

నేను సిగ్గుతో చచ్చాను. శీను మాత్రం కోటు విప్పి, ఆవిడ వంటింట్లో తనే టీ పెట్టి, కొడుకు జాన్ చేపలవేట నుంచి తిరిగొచ్చేదాకా పక్కనే కూర్చున్నాడు. జాన్ వచ్చి సంగతి విని పడీపడీ నవ్వాడు.

"మా అమ్మను చంపినంత పని చేశావు. ఇక నువ్వు గెలిచి తీరాలి, మేట్" అన్నాడు.

గెలిచాడు. కౌన్సిల్‌కి లీడర్ కూడా అయ్యాడు. పీతలమ్మేవాడికి పాలిటిక్స్ ఎందుకని నవ్వినవాళ్ళున్నారు. ఇప్పుడు నవ్వండి!

ఈ ఏడాది కంపెనీవాళ్ళు దీవి నుంచి అవతలి ఒడ్డుకు తిరిగే పడవను చలికాలంలో ఆపేస్తామన్నారు. పడవ లేకపోతే జబ్బు చేసినవాళ్ళు, నెలలు నిండినవాళ్ళు ఎలా దాటాలి? ఆ కంపెనీ పెద్దమనిషి ఒకడు మా ఇంటికే వచ్చి, "మీ పీతలు పంపడానికి వేరే ఏర్పాటు చేస్తాం, మీరు కాస్త తగ్గండి" అన్నాడు.

శీను ఆయనకు టీ ఇచ్చి, బిస్కెట్ ఇచ్చి, చాలా మర్యాదగా చెప్పాడు.

"సార్, నాకు ఓటేసింది పీతలు కాదు."

అదీ మావాడంటే.

నిన్న సాయంత్రం హారో నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు.

"ఇంక అక్కడేం పని బావా? శీనే లేకపోయాక ఆ పడవ గొడవ మీకెందుకు? కోడల్ని తీసుకుని వచ్చెయ్యి."

"మేం రాం" అన్నాను. కోడలు కూడా పక్కనుంచి గట్టిగా, "రాం, బాబాయ్!" అంది.

ఎందుకంటే అప్పటికే మా వంటిల్లు నిండిపోయింది. శీను నన్ను పిలవడం విని, ఈ దీవిలో అందరూ నన్ను "నాన్నా" అనే అంటారు. జాన్ నా చెయ్యి పట్టుకుని, "నాన్నా, ఆగిపోయిన మీటింగ్ వచ్చే వారం మళ్ళీ పెడుతున్నారు. మేమంతా వెళ్తున్నాం. నువ్వు ముందు వరసలో కూర్చోవాలి" అన్నాడు. మెయిరి గారు కూడా వస్తారట, ఆ నొప్పుల మోకాళ్ళతో!

నా కడుపు కాలిపోతోంది. అయినా చెబుతున్నాను, నిన్న వాళ్ళందరినీ చూసి ఆనందం ఆపుకోలేకపోయాను. ఒక్కణ్ణి కన్నాను, ఊరంతా నా పిల్లలయ్యారు.

కంపెనీవాళ్ళారా, శీను పోయాడు కదా, గొడవ వదిలిందనుకోకండి. నాకు ఇంగ్లీషు సరిగ్గా రాదు. వినబడేలా అరవడం వచ్చు.

వెళ్ళిరా నాన్నా శీనూ. హాయిగా, శాంతిగా నిద్రపో.

నువ్వు సగంలో ఆపిన మాట మేం పూర్తి చేస్తాం.