తిరగేసిన గిటారు

మా ఇంట్లో మూడు బేస్ గిటార్లున్నాయి. మూడింటిదీ ఒకటే ఆకారం, ఫిడేలు ఆకారం. కాస్త పెద్ద ఫిడేలుకి పొడుగాటి మెడ తగిలించి, నాలుగు లావుపాటి తీగలు బిగిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. లోపలంతా బోలు. వేలితో తడితే ఖాళీ డబ్బా చప్పుడే. మా ఆయన ముందు మాత్రం డబ్బా అనకూడదు, మూడు రోజులు మొహం గంటు పెట్టుకుంటారు.

ఒకటి గోధుమరంగు, ఒకటి నలుపు, ఒకటి ఎండుగడ్డి రంగు. అన్నీ ఒకలాగే ఉన్నాయి కదా, మూడెందుకని పెళ్ళైన కొత్తలో అడిగాను. గోధుమరంగుది గొణుగుతుందట, నల్లది సణుగుతుందట, గడ్డిరంగుది మూలుగుతుందట. "ఆ మూడు పనులకీ ఇంట్లో నేనున్నానుగా" అన్నాను. నవ్వారు గానీ ఒక్కటీ గుమ్మం దాటలేదు. వచ్చినవాళ్ళెవరైనా "నీకు ముగ్గురు సవతులమ్మా" అని వేళాకోళం చేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. సవతులైతే కనీసం కూరగాయలైనా తరిగిపెట్టేవాళ్ళు. ఇవి గోడకి వేలాడుతూ దుమ్ము పట్టించుకుంటాయి, ఆ దుమ్ము తుడిచేది నేను.

ఆ తుడవడం కూడా ఆషామాషీ వ్యవహారం కాదు. తీగల కింద చిన్న చెక్క వంతెన ఒకటి ఉంటుంది. దానికి మేకు లేదు, జిగురు లేదు. పైనుంచి తీగలు అదిమిపెట్టబట్టే అది అక్కడ నిలబడుతుంది. గుడ్డ కాస్త గట్టిగా తగిలిందంటే పక్కకి జరుగుతుంది, అది జరిగితే స్వరాలన్నీ తప్పిపోతాయి. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ వంతెన జరిపినందుకు తిన్నన్ని చివాట్లు నేను ఇంక దేనికీ తినలేదు.

మా ఆయన అట్టపెట్టెల కార్ఖానాలో కోత యంత్రం మీద పనిచేసేవారు. శనివారం సాయంత్రాలు ఒక హోటలు హాల్లో బ్యాండుతో వాయించేవారు. బేస్ వాయించేవాణ్ణి జనం పట్టించుకోరు. పాడేవాళ్ళని చూస్తారు, డ్రమ్ములు కొట్టేవాణ్ణి చూస్తారు. ఈయన ఓ పక్కన నిలబడి కింది స్వరాలు వేసుకుంటూ పోయేవారు. అందుకే బ్యాండులో ఆయనకి 'గుసగుస' అని పేరు పెట్టారు. ఆయన ఒక్క నిమిషం ఆపితే మాత్రం పాట పలచబడిపోయేది, ఎందుకో వినేవాళ్ళకి అంతుపట్టేది కాదు. నేనూ మొదటిసారి చూసినప్పుడు, ఈ మనిషెవరో ఫిడేలుని పొట్టమీద పెట్టుకుని గోక్కుంటున్నాడేంటి అనుకున్నాను.

కిందటేడు ఒక బుధవారం మధ్యాహ్నం ఆ కోత యంత్రం ఆయన ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ తీసేసుకుంది. నేను కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాను. ఎవరో పెద్దాయన ముక్కుమీద ఫ్రేము సరిచేస్తుంటే ఫోన్ వచ్చింది. ఆ ఫ్రేము ఆయన ముక్కుమీద వంకరగానే వదిలేసి పరిగెత్తాను. ఆసుపత్రిలో మత్తు దిగీ దిగకముందే, కట్టు కట్టిన చెయ్యి చూపించి మా ఆయన అడిగిన మొదటి మాట, "ఎడమదేనా?" అవునన్నాను. గోడవైపు తిరిగి పడుకున్నారు.

నాకు కాసేపటికి అర్థమైంది. గిటారు మెడమీద తీగల్ని నొక్కేది ఎడమచెయ్యి. నొక్కడానికి నాలుగు వేళ్ళూ కావాలి.

కార్ఖానా వాళ్ళు యంత్రం మీంచి తీసి గేటు దగ్గర లారీల చీటీలు చూసే పనిలో వేశారు. అది ఆయనకి లెక్కలోకి రాలేదు. ఇంటికొస్తే కాలుకాలిన పిల్లిలా తిరిగేవారు. ఫ్రిజ్ తలుపు తీసి, లోపలికి చూసి, ఏమీ తీసుకోకుండా వేసేవారు. మెట్లు దిగి వీధి చివరిదాకా వెళ్ళి, ఎందుకెళ్ళారో మర్చిపోయి తిరిగొచ్చేవారు. కారని కుళాయి విప్పి కారేలా బిగించారు. నల్ల గిటారు ఉన్న మేకుకి గోధుమరంగుది, దాని మేకుకి గడ్డిరంగుది, మర్నాడు మళ్ళీ మార్పు. అన్నం దగ్గర కూర్చుంటే బల్ల కింద మోకాలు ఊగుతూనే ఉండేది, గిన్నెలు చప్పుడయ్యేవి. "ఒక్క చోట కూర్చోండి, నా తల తిరుగుతోంది" అని అరిచాను ఒకరోజు. కూర్చున్నారు, లేచారు. నా తల ప్రాణం తోకకొచ్చింది.

రెండు నెలల తర్వాత ఒక శనివారం ఇద్దరం హోటలుకి వెళ్ళాం, ఊరికే విందామని. బ్యాండు నడిపేది పాడే ఆవిడే. ఎదురొచ్చి, "నీ చోటు ఎక్కడికీ పోదు గుసగుసా, నిదానంగా రా" అంది. చోటు ఎక్కడికీ పోలేదు, నిజమే. అందులో స్పీకరు పెట్టారు. ఇక బేస్ సంగతి అంటారా, కీబోర్డు వాయించే మాస్టారు ఆ పని కూడా చేసేస్తున్నారు. ఆయన బడిలో లెక్కలు చెప్తారు, ఎంచి ఎంచి వేసే మనిషి. కుడిచేత్తో పై స్వరాలు, ఎడమచేత్తో మా ఆయన స్వరాలు. ఎక్కడా ఒక్క తప్పు లేదు. ఇంటికొచ్చే దారిలో మా ఆయన "మాస్టారు బానే వేస్తున్నారు" అని కనీసం ఏడుసార్లు అన్నారు.  

మర్నాడు పొద్దున్నే బీరువా అద్దం ముందు నిలబడి పిలిచారు. మెడలో గడ్డిరంగు గిటారు. "ఇలా రా. అద్దంలో ఏం కనబడుతోంది?"

"తల దువ్వుకోని మనిషి."

"గిటారు చూడవే. ఇక్కడికీ అక్కడికీ ఏమైనా తేడా ఉందా?"

లేదు. మామూలు గిటార్లకి ఒక పక్క కోత ఉంటుంది, తిరగేస్తే చెప్పులు కుడిఎడమలు మార్చి తొడుక్కున్నట్టుంటుంది. దీనికి రెండు పక్కలా ఒకటే నడుము, ఎటు తిప్పినా అదే. "మీటడానికి రెండు వేళ్ళు చాలు. ఎడమచేతికి ఆ రెండూ ఉన్నాయి. నొక్కడానికి కుడిచేతికి నాలుగూ ఉన్నాయి" అంటూ చేతులు మార్చి పట్టుకున్నారు. ఆ మొహం చూసి నాకు ఏడుపొచ్చింది, వంటింట్లోకి వెళ్ళిపోయాను.

అనుకున్నంత తేలిక కాదు. గిటారు తిరగేస్తే తీగలు కూడా తారుమారు చెయ్యాలి. తీగలు మెడ ఎక్కేచోట నాలుగు గాడులున్న చిన్న పట్టీ ఉంటుంది. లావు తీగ సన్న గాడిలో పట్టదు, సన్న తీగ లావు గాడిలో గిలగిల్లాడుతుంది. కొత్త పట్టీ చెక్కాలి. మా అన్నయ్య వడ్రంగి. పనిమంతుడే, కాకపోతే వదులుగా ఉన్న చెక్క కనబడితే నిద్రపట్టని మనిషి. ఏ ఇంటికెళ్ళినా కుర్చీలో కూర్చునే ముందు దాని కాళ్ళు ఊపి చూస్తాడు. "నాకొదిలెయ్ బావా" అని గిటారు తీసుకెళ్ళి రెండురోజుల్లో తెచ్చిచ్చాడు. పట్టీ ఎంత నున్నగా చెక్కాడంటే మా ఆయన వేలితో నిమురుతూ ఉండిపోయారు.

అప్పట్నుంచి సాధన. గేటు దగ్గర పని అవగానే వచ్చి, చెప్పులు విడిచీ విడవకముందే గిటారు తగిలించుకునేవారు. కుడిచేతి వేళ్ళకి ఏమీ తెలీదు. మొదటి నెల నేను పట్టించుకోలేదు. రెండో నెలకి ఆ చేతికి దారి తెలుస్తున్నట్టే కనబడింది, కానీ పలికేది సరిగ్గా లేదు. ప్రతి స్వరం ఉండాల్సిన చోటుకి రవ్వంత పైన. "గట్టిగా నొక్కేస్తున్నాను, తీగ వంగుతోంది" అనేవారు. మెల్లగా నొక్కితే జీరగా పలికేది. వేళ్ళకి నూనె రాసేవారు, వేడినీళ్ళలో ముంచేవారు. రాత్రి పడుకున్నా ఆ చెయ్యి దుప్పటిమీద కదులుతూనే ఉండేది. నాలుగో నెలలో మిగతా రెండు గిటార్లూ గోడమీంచి తీసి మంచం కిందికి తోసేశారు. "ఎవరైనా అడిగితే ఇచ్చెయ్" అన్నారు.  ఇరవై రెండేళ్ళుగా పీడ ఎప్పుడు పోతుందా అనుకున్న వస్తువులు! గోడ ఖాళీగా కనబడితే నేను ఓర్చుకోలేకపోయాను.

ఐదో నెలలో పాడే ఆవిడ ఫోన్ చేసింది. హాల్లో వేదిక తగ్గిస్తున్నారట, ఇక ఐదుగురికే చోటట. "మూడు వారాల తర్వాత ఆదివారం రిహార్సల్. వచ్చి ఒక్క పాట నిలబెట్టావంటే ఐదోవాడివి నువ్వే. లేదంటే మాస్టారి ఎడమచేత్తోనే సర్దుకుంటాం. ఏమీ అనుకోకు."

"అనుకోవడానికేముంది" అన్నారు మా ఆయన. ఫోన్ పెట్టేసి, గిటారు పెట్టెలో పెట్టి, మూత వేసి, "వెళ్ళను" అన్నారు.

"ఎందుకని?"

"ఈ చేతికి వినికిడి లేదు."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఎవరిమీదో తెలీదు. కోపమొస్తే నేను ఇల్లు తుడుస్తాను. బీరువా తుడిచాను, కిటికీలు తుడిచాను, ఆఖరికి పెట్టె తెరిచి గిటారు మీద పడ్డాను. ఈ ఐదు నెలలూ అది ఆయన మెడలోనే ఉండటంతో నా గుడ్డకి దొరకలేదు. వంతెన దగ్గరికొచ్చేసరికి అలవాటుకొద్దీ చెయ్యి మెత్తబడింది. అంతలో, ఇంక ఇది జరిగితే ఎవరికి నష్టం అనిపించి, కసిగా ఒక్క తోపు తోశాను. కదల్లేదు. బొటనవేలితో నెట్టాను. రాయిలా ఉంది.

"ఏవండీ, ఇది కదలట్లేదేంటి?"

"కదలకపోతే మంచిదేగా" అన్నారు అటు గదిలోంచి.

"మంచిదేంటండీ? ఇది కదలాలి కదా!"

 ఆయన వచ్చిన వేగానికి గుమ్మం దగ్గర చాప జారింది. తీగని విడిగా మీటారు. మెడమీద అడ్డంగా బిగించిన లోహపు మెట్లలో, తీగ సగానికి వచ్చే మెట్టు దగ్గర నొక్కి మళ్ళీ మీటారు. అదే స్వరం పై స్థాయిలో రావాలట. రాలేదు, కాస్త ఎగువకి పోయింది. వంతెన మొదట్లో గోరు పెట్టి గీకితే ఎండిన జిగురు పొట్టులా లేచింది. నాకు తెలిసిన జిగురే. మా వంటింటి అలమరాకి అన్నయ్య పెట్టిన జిగురే.

అన్నయ్యకి ఫోన్ చేశాను. "పట్టీ మార్చేటప్పుడు ఆ వంతెన ఏం చేశావురా?" అన్నాను. ఎప్పుడూ అన్నయ్యా అనే నోరు, ఆ రోజు అదుపు తప్పింది.

"అదా? తీగలు విప్పగానే చేతిలోకి ఊడొచ్చింది. పాపం, చేసినవాళ్ళెవరో జిగురు పెట్టడం మర్చిపోయారనుకున్నా. శుభ్రంగా అతికించాను. ఏం, ఊడిందా?" అన్నాడు కంగారుగా.

మా ఆయన నేలమీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూనే ఉన్నారు, కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. "ఐదు నెలలు. ఐదు నెలలు నా చేతిని తిట్టుకున్నాను" అన్నారు. తన చెయ్యి తప్ప ఇంట్లో ఇంక దేన్నీ అనుమానించని మనిషి! నాకు ఆయన్ని కొట్టాలనీ ఉంది, ఒళ్ళో పెట్టుకోవాలనీ ఉంది. అన్నయ్య అరగంటలో వచ్చాడు. కత్తి మొన వేడిచేసి వంతెనని ఊడదీశాడు, తలెత్తి చూడలేదు, మంచినీళ్ళిస్తే కూడా వద్దన్నాడు. మా ఆయన వంతెనని సరైన చోట నిలబెట్టాక చూస్తే, తేడా అంతా కలిపి ఒక బియ్యపుగింజంత.

అంతమాత్రాన కొత్త చెయ్యి పాతదైపోలేదు. స్వరం ఇప్పుడు నిజం చెప్తోంది కాబట్టి తప్పులు ఇంకా బాగా తెలిశాయి. ఆ మూడు వారాలూ ఒకే పాట. ఆ పాట ఇప్పుడు ఎక్కడ వినబడినా నేను చెవులు మూసుకుంటాను.

ఆదివారం హాల్లోకి వెళ్ళగానే అలవాటుగా ఆయన పాత చోట్లోనే నిలబడ్డారు, స్పీకరు పక్కకి జరిపి. గిటారు మెడ ఇప్పుడు రెండోవైపు తిరిగింది కదా, పాడే ఆవిడ మైకు స్టాండుకి తగిలి ఠంగుమంది. అందరూ చూశారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఇటు వచ్చెయ్" అన్నారు మాస్టారు, తన పక్కన చోటిస్తూ. వెళ్ళి అక్కడ నిలబడ్డారు, మాస్టారికి ఎడమపక్క. నేను ముందు వరసలో సంచీ ఒళ్ళో పెట్టుకుని, దాని పట్టీని పిండేస్తూ కూర్చున్నాను.

పాట మొదలైంది. మొదటి చరణమంతా మాస్టారి ఎడమచెయ్యి తన పని తాను చేసుకుంటూనే పోయింది. మా ఆయనా అవే స్వరాలు వేస్తున్నారు, ఎవరిది ఏదో తెలియడం లేదు. రెండో చరణం ఎత్తుకోగానే మాస్టారు ఎడమచెయ్యి మీటల మీంచి తీసి ప్యాంటు జేబులో పెట్టుకున్నారు.

పాట ఒక్కసారిగా పలచబడింది. మా ఆయన తలెత్తి చూశారు, వెంటనే మళ్ళీ మెట్లవైపు దించేశారు. రెండు స్వరాలు పడ్డాయి. మూడోది తప్పింది. నాలుగోది రానేలేదు. పాడే ఆవిడ వెనక్కి తిరిగింది. మాస్టారి ఎడమచెయ్యి సగందాకా జేబులోంచి బయటికొచ్చింది. వద్దు మాస్టారూ అని అరుస్తానేమోనని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. మా ఆయన వేళ్ళు మెట్టు మారాయి, తడబడ్డాయి, మళ్ళీ నొక్కాయి. స్వరం పడింది, దాని వెనకే ఇంకోటి పడింది.

మాస్టారి చెయ్యి కాసేపు అక్కడే ఆగి, మళ్ళీ జేబులోకి వెళ్ళిపోయింది.