జీపు దించమన్న మనిషి

మేడ్చల్‌లోని ఆ మెకానిక్ నాకు మొదటి రోజే నచ్చలేదు. మనిషి ముఖం చూసి మాట్లాడేవాడు కాదు. ఏం అడిగినా బండి కిందికి చూస్తూనే జవాబు చెప్పేవాడు.

ఇంజను బలాన్ని వెనక చక్రాలకు అందించే షాఫ్టు జాయింటు నా జీపుకు అప్పటికి రెండుసార్లు విరిగింది. మూడోసారి విరిగితే అతని దగ్గరికి తీసుకెళ్లాను. కింద దూరి చాలాసేపు చూశాడు.

"గీ బండిని ఎవరు లేపిన్రు?" అన్నాడు.

"నేనే ఎత్తు పెంచాను, రాళ్ల దారుల్లో తిరగడానికి."

"గంత ఎత్తు లేపితే షాఫ్టు వంకరగ తిరుగుతది. కొత్త జాయింటు ఏసినా మల్ల ఇరుగుతది. బండి దించాలె."

"జాయింటు మార్చండి చాలు. సలహా అడగలేదు."

"అయితే నేను ముట్ట. తీస్కపో."

షెడ్డులో ఉన్నవాళ్లందరి ముందు అలా అనేసరికి ఒళ్లు మండింది. దూలపల్లిలో ఇంకొకరితో మార్పించాను. నెల తిరక్కుండానే, అలియాబాద్ దాటాక ఒక గుట్ట ఎక్కుతుంటే జాయింటు విరిగింది. ఊడిన షాఫ్టు బ్రేకు పైపును తెంపేసింది. జీపు వెనక్కి జారి బండకు కొట్టుకుంది. పక్కన కూర్చున్న నా భార్య మణికట్టు విరిగింది.

గతిలేక బండిని మళ్లీ అతని దగ్గరికే లాగించుకెళ్లాను. నా భార్యా వెంట వచ్చింది. అతను ఆమె చేతికట్టు చూశాడు.

"నేనేమన్ననో సారు నీకు చెప్పిండా అమ్మా?"

ఆమె నా వైపు తిరిగింది. నేను ఆ సంగతి ఆమెకు చెప్పనేలేదు.

బండి దించాడు. మూడేళ్లయింది, జాయింటు మళ్లీ విరగలేదు. అతని మీద నా కోపమూ పోలేదు. ఆ మాట ఆమెను కాక నన్నే అడిగి ఉంటే, ఏదో ఒక అబద్ధం చెప్పి తప్పించుకునేవాణ్ణి.