మునగచెట్టు దిగిన రోజు

నా చిన్నప్పుడు నన్ను ఎవరైనా కాస్త పొగిడితే చాలు, చెట్టెక్కేసేదాన్ని. మాటవరసకి కాదు, నిజంగానే. పొగిడి పని చేయించుకోవడాన్ని మనవాళ్ళు మునగచెట్టు ఎక్కించడమని ఎందుకంటారో, తొమ్మిదేళ్ళ వయసులో వరద గోదావరి మధ్యన, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని తెలుసుకున్నాను.

స్వరాజ్యం వచ్చిన కొత్తలు. కపిలేశ్వరపురానికి ఎదురుగా, గోదావరి మధ్యనున్న ఒక లంకలో మా మేనత్తకి కొంచెం మిరపచేనూ, ఒక పాకా ఉండేవి. ఆ శ్రావణంలో ఎగువన వానలు జోరుగా ఉన్నాయని కబురు రావడంతో, ఆవునీ దూడనీ గట్టుకి చేర్చడానికి అత్త బయలుదేరింది. నేను ఏడ్చి రాగాలు పెట్టి వెంటపడ్డాను. పడవ చిన్నది కాబట్టి ముందు పశువుల్ని ఎక్కించారు. పడవ నడిపే తాత వెళ్ళబోతూ పాక పక్కనున్న మునగచెట్టు వంక చూశాడు.

"ఆయ్, ఇలా దింపి అలా వచ్చేత్తానండీ. ఈలోగా ఆ కాయలు కోయించండమ్మా, వరద పాలెందుకు? పాపగారు ఉడతండీ బాబూ, చిటికెలో ఎక్కేత్తారు" అన్నాడు.

ఇంకేం కావాలి నాకు! అత్త పాకలో మూటలు కట్టుకుంటోంది. నేను పైకొమ్మ దాకా ఎక్కి, ఒక్కొక్క కాయా తెంపి కిందకి విసురుతున్నాను. కాసేపటికి కింద పడ్డ కాయలు కదలడం మొదలెట్టాయి. కాయలు కదలడమేమిటని చూద్దును కదా, ఎర్రనీరు! చప్పుడు లేకుండా మిరపమొక్కల మధ్య నుంచి వచ్చి పాక చుట్టూ తిరుగుతోంది. నేను చూస్తుండగానే మొక్కలు మునిగిపోయాయి. గట్టు వైపు చూస్తే పడవ జాడ లేదు. "అత్తా!" అని కేక పెట్టాను.

అత్త మోకాలి లోతు నీళ్ళలో పరుగున వచ్చి చెట్టు కింద నిలబడింది. "దిగవే! తుమ్మచెట్టు ఎక్కేద్దాం, దిగు!" అని అరిచింది.

నేను దిగలేదు. కింద నీళ్ళు, పైన నేను. ఉన్న చెట్టు వదిలి నీళ్ళలోకి దిగమంటుందేమిటి? అదీగాక ఆ నల్లతుమ్మ ఇరవై అడుగుల అవతల ఉంది, ఒళ్ళంతా ముళ్ళు. నేను కొమ్మని ఇంకా గట్టిగా కావలించుకుని, "నువ్వే ఇక్కడికి ఎక్కు అత్తా" అని ఏడ్చాను.

"ఒసేయ్, ఎవరే నిన్ను మునగచెట్టు ఎక్కించింది? పోయినేడు నేను పాతిన కొమ్మే అది! పొయ్యిలోకైనా పనికిరాని కర్ర, వరదకి ఆగుద్దా? ఆ తుమ్మ నేను కాపురానికొచ్చేటప్పటికే అంతుంది. నాగలి దాంతో చేత్తారా, మునగతో చేత్తారా? ఆలోచించవే తల్లీ!"

నాగలి మాట నా బుర్రకి ఎక్కిందో, నీళ్ళు ఆవిడ మోకాళ్ళు దాటడం చూసి భయం ఇంకా ఎక్కువైందో గానీ, కళ్ళు మూసుకుని జారిపోయాను. నీళ్ళు నా నడుం దాటాయి. కాళ్ళ కింద మట్టి కరిగిపోతోంది. అత్త నా జబ్బ పట్టుకుని ఈడ్చుకుపోయింది. తుమ్మ మొదలు దగ్గర నన్ను భుజం మీదకి ఎత్తి పైకి తోసింది. ఒక ముల్లు నా అరచేతిలో సగానికి దిగింది. అయినా నేను పట్టు వదల్లేదు. అత్త వెనకే ఎక్కి, నన్ను చెట్టు పంగలో కూర్చోబెట్టి, తన పైట కొంగుతో కొమ్మకి కట్టేసింది.

అప్పుడు కొట్టుకొచ్చింది ఎక్కడి నుంచో ఒక పెద్ద దుంగ. వెళ్ళి మునగకి తగిలింది. ఫెళ్ళుమని కూడా అనలేదు, అరటిదవ్వలా రెండుగా విరిగింది. నేను కావలించుకున్న కొమ్మ ఒకసారి పైకి తేలి, గిరగిరా తిరిగి వెళ్ళిపోయింది. అత్త నా మొహం తన వైపు తిప్పుకుని, "ఇదిగో, ఇక్కడ కొమ్మ నరికిన చోట గోరు దింపి చూడు" అంది. నేను గీరాను. గోరే విరిగింది. "చూశావా, అదీ. భయపడకు" అంది గానీ, పడవ వచ్చేదాకా ఆవిడ నన్ను పట్టుకున్న చెయ్యి తియ్యలేదు.

వరద తీశాక మళ్ళీ లంకకి వెళ్తే, అత్త పాక పక్కన ఒక మునగకొమ్మ పాతుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. చంపబోయిన చెట్టుని మళ్ళీ పాతుతావా అని దెబ్బలాడాను. ఆవిడ నవ్వింది. "దాని తప్పేముందే? ఏడాదిలో ఎదిగి కూర పెట్టుద్ది. ఆ తుమ్మని కూరడిగితే ఇత్తదా? ఎవరినేం అడగాలో మనకి తెలియాలి గానీ" అంది.

ఇప్పుడు నా మనవరాలు అడవుల గురించి చదువుతోంది. ఏ దేశపు అడవిలోనైనా తొందరగా ఎదిగే చెట్లకి కర్ర తేలికగా ఉంటుందిట, నిదానంగా ఎదిగేవాటికి బరువుగా ఉంటుందిట. చాలా వరకు అంతేనమ్మమ్మా అంటుంది. కర్ర గట్టిదనం కొలవడానికి రకరకాల పనిముట్లున్నాయట. మా అత్తకి నాగలీ గోరూ సరిపోయాయి.

ఆ ముల్లు మొన మాత్రం ఈ చేతిలోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళొచ్చినా, ఎవరైనా నన్ను పొగిడితే ముందు సంతోషం కలగదు, భయమేస్తుంది. అరచెయ్యి ఒకసారి తడుముకుంటాను.