పాకెట్లోంచి తీసిన బంతి

నాకు పూల్, అదే టేబుల్ మీద బంతుల్ని కర్రతో కొట్టి పాకెట్లలో వేసే ఆట, ఎవరూ నేర్పలేదు. ఈ మాట చాలాసార్లు చెప్పాను, వినేవాళ్ళకి విసుగొచ్చినా చెబుతూనే ఉంటాను. అమెరికా వచ్చి ముప్ఫై ఏళ్ళు ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేశాను. షిఫ్టు దిగగానే ఎదురుగా ఉన్న పూల్ హాల్లో దూరి, ఆడేవాళ్ళ మోచేతులు చూసి నేర్చుకున్నాను. నా ఇంగ్లీషూ అక్కడిదే. అందులో సగం ఇంట్లో మాట్లాడకూడనిది.

అలాంటి నాకు డాక్టరుగారు సలహాలిస్తాడు! రిటైరైన గుండె డాక్టరు, ఈ అరోరా ఊళ్ళో మా వీధే. నేను వాకిట్లో మంచు తోస్తుంటే పార ఎలా పట్టుకోవాలో చెబుతాడు. ఉప్పు తగ్గించమంటాడు. సరే, అది ఆయన చదువు. కానీ క్యూ కర్ర ఎలా పట్టాలో నాకు చెప్పడమేమిటి? అదీ పదకొండేళ్ళుగా ప్రతి శనివారం నా చేతిలో ఓడిపోతున్న మనిషి!

"అన్నయ్యా, మీకు నేచురల్ టాలెంట్ ఉంది. ఒక్క సీజన్ కోచింగ్ తీసుకోండి, ఎక్కడికో వెళ్ళిపోతారు."

"డెబ్బై నాలుగొచ్చాయి. ఇంకెక్కడికి వెళ్ళాలి డాక్టరుగారూ?"

పోయిన నవంబరులో ఒక మధ్యాహ్నం కారెక్కించుకుని ఏదో కొత్త హాలుకి తీసుకెళ్ళాడు. అక్కడ రష్యన్ బిలియర్డ్స్ టేబుల్ ఒకటుంది. హాలు నడిపేది రష్యా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. వేసవంతా ఆమె దగ్గర క్లాసులు తీసుకున్నానని డాక్టరు అప్పుడు బయటపెట్టాడు.

"ముందు మూడు బంతులు వేసినవాళ్ళు విన్నర్. మీరు గెలిస్తే జన్మలో మీకు సలహా ఇవ్వను. ఓడితే ఈ వింటర్ అంతా ఆవిడ క్లాసుకి రావాలి. డీల్?"

సలహాల్లేని బతుకు! అప్పుడే గెలిచేసినంత ఆనందమేసింది. డీలే అన్నాను. ఆయన రూల్సు ఎక్స్‌ప్లెయిన్ చేస్తుంటే కర్ర మొనకి చాక్ రాసుకుంటూ కూర్చున్నాను. బంతిని బొక్కలో వెయ్యడానికి రూల్సేమిటి, నా మొహం!

ఆ టేబుల్ తయారుచేసినవాడెవడో గానీ, మనుషులంటే పడనివాడు. నేను ఆడే టేబుల్ తొమ్మిదడుగులు, ఇది పన్నెండు. నడిమధ్య ఉన్న బంతిని అందుకోవడానికి ఒక కాలు గాల్లోకి లేపాల్సి వచ్చింది. బంతులన్నీ తెల్లవే, ఏ బంతితో దేన్నైనా కొట్టొచ్చు. ఒక్కోటి బత్తాయంత ఉంది, బరువు ఇనప గుండంత. పాకెట్ మూతి మాత్రం బంతి పట్టీ పట్టనంత. పూల్లో అంచుకి కాస్త రాసుకున్నా బంతి లోపలికి జారుతుంది. ఇక్కడ వెంట్రుకవాసి తేడా వచ్చిందంటే మూతి దగ్గర టకటకా కొట్టుకుని వెనక్కి వచ్చేస్తుంది. నేను కళ్ళు మూసుకుని వేసే దెబ్బలే ఏడుసార్లు తప్పాయి. బంతిని పక్కగా కొట్టి తిప్పబోతే ఆ బరువుకి తిరగనే తిరగదు. ముప్ఫై ఏళ్ళ విద్య నా కళ్ళముందే ఎందుకూ పనికిరాకుండా పోయింది.

డాక్టరు తొందరపడకుండా, నెమ్మదిగా రెండు వేశాడు. నేను పళ్ళు కొరుక్కుంటూ గంటన్నరకి రెండు వేశాను. చెరి రెండు.

నా వంతొచ్చింది. మూలనున్న బంతిని గట్టిగా కొట్టాను. అది పడలేదు. దానికి తగిలిన నా బంతి మాత్రం పక్కకి విరిగి, తిన్నగా పాకెట్లో పడింది. పూల్లో కర్రతో కొట్టిన బంతే పడితే తప్పు. ముప్ఫై ఏళ్ళుగా నా ఒంటికి తెలిసింది అదే. ఛీ అనుకుని, చెయ్యి పెట్టి బంతి తీసి టేబుల్ మీద పెట్టాను.

"కానివ్వండి, మీ వంతు."

డాక్టరు నా మొహంలోకి చూశాడు. నోరు తెరిచి, మూశాడు. వంగి మూడో బంతి వేసేశాడు.

పక్కనే నిలబడి చూస్తున్న పెద్దావిడ, "ఎందుకు తీశావు? మా ఆటలో నీ బంతి పడితే నీకే పాయింటు. తియ్యకపోతే నువ్వే గెలిచేవాడివి" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"తెలిసి కూడా నోరు మూసుకుంటారా? ఇదేం పెద్దమనిషి తరహా?"

"మొదట్లోనే చెప్పాను అన్నయ్యా. మీరు చాక్ రాసుకుంటున్నారు."

"తీసేటప్పుడు చెప్పొచ్చుగా!"

"చెబితే సలహా అంటారు కదా అని..."

పదకొండేళ్ళలో ఆయన నోరు మూసుకున్నది ఆ ఒక్క నిమిషమే. పోనీ మళ్ళీ ఆడదాం, ఇది లెక్కలోకి వద్దన్నాడు. దాంతో ఇంకా ఒళ్ళు కాలింది. జాలి పడి పెట్టే ఆట నాకక్కర్లేదు, ఆడింది ఆడినట్టే అని కోటు వేసుకున్నాను. ఆయన మొదట్లో రూల్సు చెప్పకపోయుంటే హాయిగా తిట్టుకునేవాణ్ణి. చెప్పాడు. విననిది నేను.

మాట ప్రకారం మంగళవారాలు క్లాసుకి వెళుతున్నాను. నా బంతి నేను వేసుకోవడమే ఆవిడ మొదటి పాఠం. పడిన ప్రతిసారీ నా చెయ్యి పాకెట్లోకి పోతుంది, ఆవిడ చాక్ ముక్కతో వేళ్ళ మీద కొడుతుంది. కుర్చీలో డాక్టరు. గెలిచాడు కదా, ఆపేవాళ్ళెవరు?

"మోచెయ్యి కొంచెం లోపలికి అన్నయ్యా."

పెట్టలేదు. బంతి మూతి దగ్గర కొట్టుకుని వెనక్కి వచ్చింది. వచ్చే మంగళవారం కూడా పెట్టను.