పదేళ్లలో మంచి సిరీస్ ఏదని వాదించుకున్న రోజు

ఆ ఆదివారం మధ్యాహ్నం కడపలో మా స్నేహితుడి ఇంట్లో ఫ్యాను ఆపేసి కూర్చున్నాం. మే నెల. ఫ్యాను తిరిగితే మైకులో గాలి హోరు పడుతుందని, కర్నూలు నుంచి నాతో వచ్చిన ఇంకో స్నేహితుడు పట్టుబట్టాడు. అతనికి ఒక యూట్యూబ్ ఛానెల్ ఉంది. సినిమాల గురించీ టీవీ గురించీ మాట్లాడతాడు. మా రెండు జిల్లాల వాళ్లు, బయటి ఊళ్లలో స్థిరపడిన మా వైపు వాళ్లు దాన్ని చూస్తారు. గడిచిన పదేళ్లలో తెలుగులో వచ్చిన సీరియళ్లు, వెబ్ సిరీస్‌లలో మంచివి పది ఎంచి, వాటికి వరస కట్టాలని అతని ఆలోచన. తానొక్కడే చెబితే ఎవరూ వినరట, ముగ్గురు కొట్లాడుకుంటే వింటారట. అందుకని కిటికీలు మూసి, పరదాలు లాగి, సోఫాకు ఎదురుగా కెమెరా నిలబెట్టాడు.

మేం ముగ్గురం కర్నూల్లో డిగ్రీ కలిసి చదివాం. నేను అక్కడే ఒక కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతాను. ఆ ఇంటి యజమాని కడప కోర్టులో లాయరు. అతని భార్యది బద్వేలు పక్క పల్లె, నాలుగు తరాలుగా భూములు చేసుకునే కుటుంబం. ఆమె చిన్నప్పుడే తండ్రి జీపు ప్రమాదంలో పోయాడని వాళ్ల పెళ్లినాడు విన్నాను. అంతకు మించి అప్పటికి నాకేమీ తెలియదు. వాళ్లకు ఒకతే కూతురు, ఇంటర్ చదువుతోంది. మేం హాల్లో మాట్లాడుతుంటే ఆ పిల్ల లోపలి గదిలో తలుపు వేసుకొని చదువుకుంటోంది.

మొదట అంతా సరదాగానే నడిచింది. రోజూ సాయంత్రం వచ్చే అత్తాకోడళ్ల సీరియల్‌ను అసలు లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని చాలాసేపు వాదించుకున్నాం. ఛానెల్ స్నేహితుడు వద్దన్నాడు. ఏళ్లతరబడి ఒకే వేళకు కోట్లమందిని టీవీ ముందు కూర్చోబెట్టడం మాటలా అని నేను అడిగాను. ఓడిపోయి దానికి అడుగున చోటిచ్చాడు. తెనాలి వైపు ఒక పెంకుటింట్లో జరిగే నవ్వుల సిరీస్‌ను ముగ్గురం పైకి తోశాం. అలా ఒక్కొక్కటీ సర్దుకుంటూ పైకి వచ్చేసరికి మొదటి స్థానం మిగిలింది.

ఛానెల్ స్నేహితుడు తన మనసులో ఉన్నది బయటపెట్టాడు. మన ఫ్యాక్షన్ మీద వచ్చిన సిరీస్‌కే మొదటి స్థానం అన్నాడు. లాయరు వెంటనే, "అది వద్దప్పా, తీసెయ్" అన్నాడు. ఎందుకు వద్దని అడిగితే బాగాలేదన్నాడు, అంతే. కాలేజీలో ఏ పోటీ పెట్టినా మైకు వదలని మనిషి అతను. నాకు వింతగా అనిపించింది కానీ, నాకు కూడా ఆ సిరీస్ మీద కోపం ఉండటంతో ఆ వాదన నేను అందుకున్నాను.

ఒకసారి శిక్షణ తరగతులకని విజయవాడ వెళ్తే, భోజనాల దగ్గర తోటి లెక్చరర్ ఒకాయన, "మీ ఇంట్లో బాంబులుంటాయా మేడం?" అని అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా విద్యార్థి ఒకడు హైదరాబాదులో ఉద్యోగానికి వెళ్తే అక్కడా ఇలాంటిదే అడిగారట. ఇట్లాంటి సిరీస్ ఒకటి వచ్చినప్పుడల్లా ఆ ప్రశ్న మళ్లీ మా మెడకు చుట్టుకుంటుంది. ఇదంతా కెమెరా ముందు చెప్పాను. చెప్పేకొద్దీ గొంతు పెరిగింది. గదిలో ఉక్కగా ఉంది. లాయరు కళ్లద్దాలు తీసి చొక్కా కొసతో తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

అప్పుడే అతని భార్య మజ్జిగ తెచ్చింది. గ్లాసులు బల్ల మీద పెట్టి, లోపలికి పోకుండా వంటింటి గుమ్మంలో నిలబడింది. నేను ఆపలేదు.

"చావును అమ్ముకుంటాండారప్పా. ఆ ఇండ్లల్లో ఆడోళ్లు ఎట్ల బతికినారో వీళ్లకేం తెలుసు?" అన్నాను.

"తెలిసినట్టే ఉండాది అక్కా" అంది ఆమె.

లాయరు తల తిప్పి ఆమెను చూశాడు. "నువ్వు చూసినావా దాన్ని?" అన్నాడు. ఆ ఇంట్లో ఆ సిరీస్ ఎవరూ పెట్టకూడదని అతను చెప్పి ఉన్నాడని తర్వాత తెలిసింది. ఫోన్లో చూశానంది ఆమె. ఛానెల్ స్నేహితుడికి ఇవేమీ పట్టలేదు. కొత్త గొంతు దొరికిందన్న సంతోషంలో ఒక కుర్చీ లాగి వేశాడు. "ఏది నచ్చిందో చెప్పమ్మా" అన్నాడు. లోపలికి పొమ్మని లాయరు ఆమెతో మెల్లగా అన్నాడు. ఆమె వచ్చి కుర్చీలో కూర్చుంది.

నరుక్కోవడాలు తనకూ నచ్చలేదంది. మధ్యలో ఒక చోటు మాత్రం ఎవరూ గమనించలేదని, దానికోసమే దాన్ని మొదట పెట్టాలని చెప్పింది. కథలో పెద్దాయన్ను చంపేస్తారు. తెల్లవారితే శవం వాకిట్లో మంచం మీద ఉంటుంది. చుట్టూ జనం. కొళాయి గురగురమంటుంది. చనిపోయిన మనిషి పెళ్లాం లేచి, బిందెలు తీసుకొని పోయి నీళ్లు పడుతుంది. వెనక పాట ఉండదు, ఏడుపు ఉండదు, బిందెలో నీళ్లు పడే చప్పుడు తప్ప.

ఆ చోటు నాకు గుర్తుంది. చూసినప్పుడు ఒప్పుకోలేదు కూడా. అదే చెప్పాను. "అది నాకు అతిగా అనిపించిందమ్మా. మొగుని శవం ముందర పెట్టుకొని ఏ ఆడమనిషి నీళ్లు పడుతుంది?"

"మా అమ్మ పట్టింది" అంది ఆమె.

లాయరు లేచాడు. "కెమెరా ఆపప్పా" అన్నాడు. ఛానెల్ స్నేహితుడి చెయ్యి కెమెరా మీదికి పోయింది.

"ఆపొద్దన్నా" అంది ఆమె. "నేను చెప్పుకుంటాండా."

ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. కెమెరా మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. భార్యను చూడాలో, భర్తను చూడాలో తెలియక అతను నా వంక చూశాడు. నేను తల దించుకున్నాను.

ఆమె తొందర లేకుండా చెప్పింది. వాళ్ల నాయన బద్వేలు మార్కెట్ నుంచి జీపులో వస్తుంటే కల్వర్టు దగ్గర అడ్డం కట్టి చంపారు. మర్నాడు శవాన్ని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు. ఆ పల్లెలో కొళాయి రోజూ రాదు. వచ్చిన రోజు పట్టుకోకపోతే మళ్లీ ఎన్నాళ్లకు వస్తుందో చెప్పలేరు. ఇల్లంతా చుట్టాలు. శవానికి స్నానం చేయించాలి, వచ్చినవాళ్లు తాగాలి, వాళ్లకు వండాలి. అందరూ ఏడుస్తున్నారు కానీ నీళ్ల సంగతి ఎవరికీ తోచలేదు. అమ్మ లేచింది.

"మా నాయనను ఎవురు చంపినారో ఊర్లో ఇప్పుడు సగంమందికి గుర్తులేదన్నా. మా అమ్మ నీళ్లు పట్టింది మాత్రం అందరికీ గుర్తుండాది. మా అమ్మకు పేరే లేకుండా పోయింది. నీళ్లు పట్టినామె అంటారు. ఈమెకు మొగుడంటే ఇష్టం లేదేమో అన్నోళ్లు గూడా ఉండారు." ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. "నేను గూడా శానా రోజులు అమ్మను తప్పుగానే అనుకుంటి. ఫోన్లో ఆ సీను చూసినాక అమ్మను చూసినట్టు అయింది."

"పాప లోపలుంది" అన్నాడు లాయరు.

లోపలి గది తలుపు అప్పటికే తెరిచి ఉంది. పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో పెన్ను. ఎంతసేపటి నుంచి వింటోందో మాకు తెలియదు.

"తాతది యాక్సిడెంట్ కాదా?" అని అడిగింది.

లాయరు ఏదో చెప్పబోయాడు. తల్లి ముందే, "కాదు" అంది.

పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తల్లి ముఖంలోకే చూస్తూ, "అవ్వ నీళ్లు పడతాంటే నువ్వు యాడుండావు?" అంది.

"అవ్వ పక్కనే ఉన్నా. బిందెల మీద మూతలు పెడతాంటి."

లాయరు తలుపు తీసుకొని బయటికి వెళ్లిపోయాడు. తెరిచిన తలుపులోంచి ఎండ హాల్లోకి పడింది. నేను అతని వెనకే వెళ్లాను. వరండాలో చెప్పులు కూడా లేకుండా కాలే బండ మీద నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నాను. రాలేదు. నన్ను చూడకుండానే మాట్లాడాడు. తనకు పరువు సమస్య కాదన్నాడు. చంపినవాళ్ల పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు, కోర్టు పనుల మీద తన కళ్లముందే తిరుగుతుంటారు. ఎదురుపడితే ఒకరికొకరు నమస్కారం పెట్టుకుంటారు. ఆ నమస్కారం దాకా రావడానికి ఎన్ని ఏళ్లు పట్టిందో అతనికే తెలుసు.

"అది యూట్యూబ్‌లో పడితే రేపు వాళ్లు నన్ను ఎట్ల చూస్తారు? నా బిడ్డ వాళ్లను ఎట్ల చూస్తాది?" అన్నాడు.

అతని భయం తప్పని అనలేకపోయాను. లోపల ఆమె చెప్పినదీ తప్పని అనలేను.

ఛానెల్ స్నేహితుడు సామాను సర్దుకొని బయటికి వచ్చాడు. అతని చేతిలో కెమెరాలోంచి తీసిన చిన్న కార్డు ఉంది. లాయరు చెయ్యి చాపాడు. మా స్నేహితుడు ఒక క్షణం ఆలోచించి, వెనక్కి తిరిగి గుమ్మం దాకా పోయి, ఆ కార్డు ఆమె చేతిలో పెట్టాడు. "మాట్లాడింది ఆయమ్మ కదప్పా" అన్నాడు లాయరుతో. లాయరు చెయ్యి దించుకున్నాడు. మమ్మల్ని ఉండమని కానీ, పొమ్మని కానీ అనలేదు. మేమిద్దరం కారెక్కి కర్నూలు దారి పట్టాం.

కొన్నాళ్ల తర్వాత ఆమె నాకు ఫోన్ చేసింది. భార్యాభర్తల మధ్య వారం పైగా మాటల్లేవట. తర్వాత ఒక ఉదయం పిల్ల అవ్వ దగ్గరికి పోతానంటే, అతనే కారు తీసి తల్లీకూతుళ్లిద్దరినీ పల్లెకు తీసుకుపోయాడట. పోయి అరుగు మీద కూర్చున్నాడట కానీ, ఆ విషయం మాట్లాడలేదట. పిల్లే తన ఫోన్లో ఆ సీను వరకూ పెట్టి ముసలామెకు చూపించింది.

ఆమె ఏమందని అడిగాను.

మొదట కోపం వచ్చిందట. "ఇది వాళ్లకు ఎవురు చెప్పినారు?" అని కూతురిని నిలదీసిందట. తన సంగతి ఎవరో అమ్మేశారనుకుంది. ఎవరూ చెప్పలేదమ్మా, ఇంకో ఇంట్లో కూడా ఇట్లా జరిగి ఉంటుంది, వాళ్లు రాసుకున్నారు అని కూతురు నచ్చజెప్పింది. ముసలామె నమ్మలేదు. మళ్లీ పెట్టమంది. రెండోసారి కళ్లార్పకుండా చూసింది. చూసి, చాలాసేపటికి అడిగిందట.

"అయితే ఇంకొకామె గూడా పట్టిందా?"

అంతే అడిగిందట. ఫోన్లో ఇది చెబుతూ కూతురు ఆగిపోయింది.

ఆ కార్డు ఏం చేశావని నేను అడగలేదు. తనే చెప్పింది, బీరువాలో ఉందని. పగలగొట్టమని కానీ, ఇచ్చెయ్యమని కానీ ఆయన అడగలేదంది.

వానాకాలం మొదలయ్యాక కర్నూల్లో ఛానెల్ స్నేహితుడి ఆఫీసు గదిలో మళ్లీ రికార్డు చేశాం. లాయరు రానన్నాడు. అతని చోట ఎవరినీ కూర్చోబెట్టకుండా ఇద్దరమే మాట్లాడుకున్నాం. కింది స్థానాల మీద మళ్లీ వాదన పెట్టుకోలేదు. మొదటి స్థానం దగ్గరికి వచ్చాం. విజయవాడ భోజనాల దగ్గరి నవ్వు నా చెవుల్లోంచి పోలేదు, ఆ సిరీస్ మాకు చేసిన చెడూ మారలేదు. దాన్ని మొదట పెట్టడానికి నాకు మనసొప్పలేదు. తీసెయ్యడానికీ ఒప్పలేదు. మూడో స్థానం ఇవ్వమన్నాను.

ఆ సిరీస్ అంటేనే కోపం కదా నీకు, మరి మూడో స్థానం ఎందుకు అని, చూసేవాళ్ల కోసం అతను కెమెరా ముందు అడగక తప్పలేదు. కారణం అతనికీ తెలుసు. అడిగి, కళ్లు పక్కకు తిప్పుకున్నాడు.

నటన బాగుందని చెప్పాను.