ర్యాంపుకు అడ్డొచ్చిన కొబ్బరిచెట్టు

ఉద్దానంలో డయాలసిస్ కేంద్రం కడుతున్న రోజుల్లో నా ఉద్యోగం తగవులు తీర్చడం. మనుషుల తగవులు కావు, డ్రాయింగుల తగవులు. ఆర్కిటెక్టు తలుపు పెట్టినచోట ఇంజినీరు స్తంభం లేపితే, ఆ సంగతి కంప్యూటర్లో ఎక్కించి, ఇద్దరి వెంటా పడి తేల్చాలి. ఎక్కించగానే ఎరుపు, జవాబొస్తే పసుపు, పనైపోతే ఆకుపచ్చ. విశాఖపట్నంలో కూర్చుని డ్రాయింగులు గీసేవాళ్లకి ఆ రంగులే సైటు.

ఆ స్థలం ఇచ్చింది మా మేనమామ. అత్తని కిడ్నీ జబ్బు తీసుకుపోయింది. తరవాత ఆయన్నీ పట్టుకుంది. డయాలసిస్ కోసం పలాస వెళ్లి రావడంతోనే ఆయన ప్రాణం సగం పోయేది. ఊళ్లోనే కేంద్రం వస్తే ఇంకొన్నాళ్లు బతుకుతానని ఆశ. స్థలం ఇస్తూ ఒక్కటే అడిగాడు. తుఫానుకి తోటంతా నేలకూలినా, అత్త నాటిన కొబ్బరిచెట్టు ఒక్కటి నిలబడింది. దాన్ని కొట్టకూడదు. మా వైపు కొబ్బరిచెట్టుని పెద్దకొడుకు అంటారు. మామకి పిల్లల్లేరు, ఆయనకది ఉత్తి మాట కాదు. అందరూ సరేనన్నారు. ఆ సరే డ్రాయింగులోకి మాత్రం ఎక్కలేదు.

వాననీళ్లు లోపలికి రాకుండా గుమ్మం ఎత్తు పెంచారు. చక్రాల కుర్చీలు ఎక్కడానికి ర్యాంపు గీశారు. నేలమీద ముగ్గు పోసి చూస్తే ర్యాంపు తిన్నగా వెళ్లి చెట్టు మొదట్లో పడింది.

ఎరుపు ఎక్కించాను. ‘చెట్టు తీసేయండి’ అని ఆర్కిటెక్టు ఒక్క ముక్క రాసి పసుపు చేసేశాడు. నేను మళ్లీ ఎరుపు చేశాను. ర్యాంపు పక్కకి తిప్పమంటే ఇంజినీరుని అడగమన్నాడు. అక్కడ కింద నీళ్ల ట్యాంకు ఉంది, ట్యాంకు వాళ్లని అడగమన్నాడు ఇంజినీరు. వాళ్లు మళ్లీ ఆర్కిటెక్టుని అడగమన్నారు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఫోన్లో అరిచాను. “ఆవేశపడితే ఎలాగండీ” అని నాకే సుద్దులు చెప్పారు మహానుభావులు! ఈలోగా మేస్త్రీలు పని లేక టెక్కలిలో ఇంకో కట్టడం పనికి వెళ్లిపోయారు.

పలాస నుంచి వచ్చేటప్పుడు మామ సైటు దగ్గర ఆటో ఆపించేవాడు. మొహం ఉబ్బిపోయి ఉండేది. ఆటో దిగలేక అక్కణ్నుంచే అడిగేవాడు.

“ఏట్రా అల్లుడా, నీ ఎర్రరంగు ఇంకా పోనేదా?”

“బేగి తేలిపోద్ది మావా.”

“నాను పోకముందే తేల్చరా.”

ఆయన నవ్వేవాడు. నాకు ఏడుపొచ్చేది.

ఆ ఆటోలో మా ఊరి రోగులే ఇంకొందరు వెళ్లేవారు. ఒకరోజు వాళ్లలో ఒకామె ఉండబట్టలేక అనేసిందట. “మావా, నీ ఒక్క సెట్టుకోసం మేమందరం పలాస తిరగతన్నాం.” ఎవరూ ఆమెని కాదనలేదట. మామ కూడా.

మర్నాడు పొద్దున్న నేను వెళ్లేసరికి చెట్టు నేలమీద ఉంది. మామే మనుషుల్ని పెట్టి కొట్టించాడు. మొద్దు పక్కన కూర్చుని ఉన్నాడు.

“నాకు సెప్పకుండా ఏటి మావా ఈ పని?”

“సెప్తే నువ్వు ఆపేత్తావని. ఆళ్లందరి ఉసురు నాకేల? మీ అత్తుంటే తనే కొట్టించీసును. బేగి కట్టీయండి.”

మధ్యాహ్నం ఫోను మోగింది. కొత్త డ్రాయింగు వచ్చింది. అందరి ఆమోదంతో, చెట్టు చుట్టూ మలుపు తిరిగి వెళ్లే ర్యాంపు. “మీ చెట్టు బతికిపోయింది సార్” అన్నాడు ఆర్కిటెక్టు హుషారుగా.

చెట్టు లేదు, మళ్లీ తిన్నగా గీయండి అన్నాను. అలా అయితే కొత్తగా ఎరుపు ఎక్కించాలట. మళ్లీ అందరూ చూడాలట. కేంద్రం తెరవడం వెనక్కి పోతుందట. మండిపోతూ మామ దగ్గరికెళ్లి చెప్పాను.

“వద్దులేరా. వంకరగానే కట్టీయండి.”

అలాగే కట్టారు. నేనే ఆకుపచ్చ చేశాను.

మామ ఇప్పుడు అక్కడికే వస్తున్నాడు. మనిషి సగమైపోయాడు. వీలైనరోజు కుర్చీ నేనే తోస్తాను. మలుపు తిరిగేచోట పక్కన వట్టి మట్టి, ఇంకేమీ లేదు. కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతారు, “ఇక్కడేటీ నేదు కదా, ఇంత తిప్పెందుకు?” అని. నేను వినిపించుకోనట్టు కుర్చీ తోస్తాను.

మలుపు దగ్గరికి రాగానే మామ మాత్రం చెయ్యి పైకెత్తి నన్ను ఆపుతాడు.

“మెల్లగా తిప్పరా అల్లుడా. సెట్టుకి తగిలీగలదు.”

నేను మెల్లగా తిప్పుతాను.