గుమాస్తాగారి మడతచాకు

ఆఫీసులో ఎవరు తాడుతో కట్టిన కాగితాలకట్ట ముట్టుకున్నా గుమాస్తాగారు పరుగున వచ్చి, తన మడతచాకు వాళ్ల చేతిలో పెట్టేవారు. వాళ్లు కాసేపటికి "భలే పదునండీ!" అని తిరిగిచ్చేవాళ్లు. ఆయన దాన్ని చొక్కా అంచుతో తుడిచి, జేబులో వేసుకుని, పైనుంచి రెండుసార్లు తట్టుకునేవారు. చెక్కేటప్పుడు పెన్సిల్ మొన విరిగితే తప్పు పెన్సిల్‌దే. బల్లల కింద పళ్లతో కొరికిన తాడుముక్కలు ఎక్కడివో మాత్రం ఆయనకు ఎప్పుడూ అంతుపట్టేది కాదు.

నిన్న కొత్త రూలు ప్రకారం గేటు కాపలాదారు ఆ చాకు తీసుకుని, సాయంత్రం తిరిగిచ్చాడు. ఇంటికెళ్లి పెన్సిల్‌కి ఆనించగానే చెక్క పొరలుపొరలుగా లేచింది. గుమాస్తాగారికి అన్నం సయించలేదు.

పొద్దున్నే గేటు దగ్గర నిలదీశారు. "ఇది నాది కాదయ్యా, మారిపోయింది!"

"మీదేనండీ. మరీ మొద్దుగా ఉంటే, పొద్దుపోక నేనే నూరిపెట్టాను."

దండం పెట్టాలో తిట్టాలో ఆయనకు తోచలేదు. చాకు విప్పారు, మడిచారు, మళ్లీ విప్పారు.

"అయితే ఆ తాళ్లన్నీ..." అంటూ నాలుకతో తన పళ్లు తడుముకున్నారు.